టార్పీల ఇంట్లో పరాయి మనిషి

ఇంగ్లండ్‌లో మా ఊరు ఓల్డమ్‌లో నవంబరంటే నాలుగింటికే చీకటి. ఆ శనివారం వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని మా వంశవృక్షం రాస్తున్నాను. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. మర్నాడు నాన్నకి ఎనభై నిండుతాయి. అందరి ముందూ చదివి ఆయన చేతికివ్వాలని నా కోరిక.

నాన్న తాతకి తాత మార్టిన్ టార్పీ. కరువులో ఐర్లండ్ వదిలి ఇక్కడి నూలు మిల్లులో చేరాడు. 1851 జనాభా లెక్కల్లో ఆయన ఇల్లు దొరికింది. భార్య, ముగ్గురు పిల్లలు. వాళ్ళ కింద ఇంకో పేరు: 'బ్రిడ్జెట్, అరవై ఏళ్ళు, అద్దెకున్న మనిషి, బిచ్చగత్తె.'

ఐర్లండ్‌లో వాళ్ళ సొంత ప్రాంతం మేయో నుంచి చర్చి పుస్తకం నకలు తెప్పించి చూశాను. బ్రిడ్జెట్ ఆయన్ని కన్నతల్లి.

లెక్కలు రాసేవాడి ముందు, అడుక్కునే తల్లిని తల్లి అని చెప్పుకోలేకపోయాడు. మరుసటి ఏడు ఆమె పేదల శరణాలయంలో పోయింది. అక్కడి పుస్తకంలో 'నా అన్నవాళ్ళు లేరు' అని రాసుంది.

అన్నయ్య ఆస్టిన్‌కి ఫోన్ చేశాను.

"పుట్టినరోజు పూట ఈ దరిద్రం ఎందుకే? ఆవిడ ఐర్లండ్‌లోనే పోయిందని రాసెయ్."

"అబద్ధం కదా అన్నయ్యా."

"నూట డెబ్బై ఏళ్ళయింది. ఇప్పుడెవరొచ్చి నిలదీస్తారే నిన్ను?"

రాసేశాను. కలం ఒక్కసారి ఆగను కూడా లేదు. ఇప్పటికీ నన్ను తినేసేది అదే.

సిరా ఆరకముందే ఏదో వాసన... తడిసిన ఉన్ని, ఐర్లండ్ పల్లెల్లో పొయ్యిలో కాల్చే ఎండు మట్టిపెళ్ళల పొగ. మాది గ్యాసు పొయ్యి. తర్వాత వీధి తలుపు మీద చప్పుడు. తట్టడం కాదు. అరచేత్తో నిమురుతున్నట్టు...

తీశాను.

వానలో ఒక ముసలామె. తలమీద నల్ల శాలువా. చెప్పుల్లేవు. మోకాళ్ళదాకా బురద. నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళు... అచ్చం నాన్న కళ్ళే. పెదవులు కదిలాయి. ఆ భాష నాకు రాదు. అయినా అడిగిందేమిటో తెలిసింది.

లోపలికి రానా అని.

ఎదురింటి మిసెస్ ఆగ్డెన్ గొడుగుతో ఇంటికి వెళుతూ ఆగింది. "ఎవరమ్మాయ్? మీవాళ్ళేనా?"

"కాదండీ! ఎవరో... నాకు తెలీదు."

నా నోరే. నా గొంతే. ముసలామెకి కోపం రాలేదు. అలవాటైపోయిన మనిషిలా తల దించుకుంది.

ధడాలున తలుపేసి, గడియ పెట్టి, మెట్లమీద కూలబడ్డాను. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. లేచి, రాసిన అబద్ధం కొట్టేసి, 'తల్లి బ్రిడ్జెట్, ఓల్డమ్‌లో మాతోనే ఉండేది' అని రాశాను. ఆమెని పిలుద్దామని తలుపు తీస్తే వీధి ఖాళీ. ఎదురింటికి పరిగెత్తాను.

"ఆ పెద్దావిడ ఎటు వెళ్ళిందండీ?"

"వెళ్ళడమేంటి? నువ్వు తలుపేస్తుంటే నీ చెయ్యి కిందనించి లోపలికి దూరిందిగా!"

నా భుజం మీదుగా మా ఇంటికేసి చూసింది. కళ్ళు చికిలించింది.

"ఏమ్మాయ్... చుట్టాలొచ్చారా ఏంటి? మేడమీద కిటికీల నిండా మనుషులే... అందరూ ఆ పెద్దావిడలాగే పాత బట్టల్లో, తడిసిపోయి..."