వయొలిన్‌కు వదిలిన చోటు

"మీ ట్రాక్ నన్ను తరుముతోందండి. రైలు అందుకోవడానికి పరిగెత్తుతున్నట్టుంది," అంది రమ్య.

శ్యామ్ చేతిలో ఇడ్లీ ప్లేటు అలాగే ఆగిపోయింది. కోకాపేట ఆఫీసులో ఇద్దరివీ వేరు వేరు టీములు. చాట్‌లో తప్ప ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

ఆఫీసు వార్షికోత్సవంలో ఆమె వయొలిన్ వాయించాలి. పక్కన వాయించేవాళ్ళు లేరు. శ్యామ్‌కు లాప్‌టాప్‌లో బ్యాకింగ్ ట్రాకులు చేసే సరదా ఉందని ఎవరో చెబితే చాట్‌లో అడిగింది, అతను ఒకటి చేసి పంపాడు. అతని ట్రాకులో గిటారు, తబలా, వెనక సన్నగా శ్రుతి ఉంటాయి. వయొలిన్ మాత్రం ఉండదు. ఆ చోటు ఆమెది.

"వేగం తగ్గిస్తానండి."

"అదొక్కటే కాదు. నేనెక్కడ ఆగుతానో మీకు తెలీదు కదా."

"ఎలా తెలుస్తుందండి మరి?"

"వచ్చి వినండి."

శనివారం మూసాపేటలో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగాడు. తలుపు తీసింది ఆమె తండ్రి గోవిందప్ప. అనంతపురం మనిషి, ఇక్కడ ప్లాట్ల వ్యాపారం. "రాప్పా, కూర్చో," అని పేపరు చదువుకోవడంలో పడిపోయాడు.

రమ్య కళ్ళు మూసుకుని వయొలిన్ తీగల మీద కమాను లాగింది. కిటికీ బయట వాన మొదలైంది. ఒక స్వరం దగ్గర ఆమె కాస్త నిలిచింది, వదలడానికి మనసొప్పనట్టు. శ్యామ్ కూడా అక్కడే నిలిచిపోయాడు.

"రికార్డ్ చేసుకున్నారా?" అని ఆమె అడిగితే గానీ గుర్తు రాలేదు, ఫోన్ జేబులోనే ఉందని.

"ఇంకోసారి వాయిస్తారా?"

రమ్య నవ్వింది. ఆ నవ్వును కూడా రికార్డ్ చేసి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

ఆమె ఆగే చోట గిటారునూ ఆపి కొత్త ట్రాక్ చేశాడు. తబలా గట్టిగా ఉందంది. తగ్గించి ఇంకొకటి చేశాడు. "బాగానే ఉంది, కానీ ఎక్కడో ఏదో..." అంది. ప్రతి శనివారం వెళ్ళాడు. తిరుగు రైల్లో తడిసిన కిటికీకి తల ఆనించి ఆమె రాగాన్నే కూనిరాగం తీసేవాడు. వెళ్ళడం ఇష్టమే. కానీ తన చెవి మీద తనకే నమ్మకం పోతోంది.

వార్షికోత్సవం ముందు శనివారం ఒక నిర్ణయానికొచ్చాడు. వేరే ఎవరితోనైనా చేయించుకోమని చెప్పేయాలి.

లిఫ్ట్ దిగగానే వయొలిన్ వినిపించింది. దాని కింద తన గిటారు. ఎక్కడో ఏదో అని ఆమె పక్కన పెట్టిన ట్రాకే. రెండూ ఒకే ఊపిరిలా కలిసిపోయాయి. బెల్ కొట్టాడు.

తలుపు తీసిన గోవిందప్ప అన్నాడు, "ఇదైతే శానా బాగుండాదప్పా. దినామూ దీంతోనే వాయిస్తాంది."

రమ్య కమాను దించి తల వంచుకుంది.

"ఇది బాగాలేదన్నారు కదండీ," అన్నాడు శ్యామ్. "నాకు సంగీతం రాదేమోనని మానేద్దామనుకున్నాను."

"అయ్యో, అట్ల కాదు." ఆమె కళ్ళు తడిశాయి. "బాగుందంటే శనివారం మీరెందుకొస్తారు?"

శ్యామ్ గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"ట్రాక్ లేకపోయినా వస్తాను రమ్యా. పిలిస్తే చాలు."

గోవిందప్ప పేపరు మడిచాడు. "ఈ పిల్ల శనివారమైతే చాలు, పొద్దున్నే లేచి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తాంది. నాకోసం ఎప్పుడన్నా చేసిందా? వచ్చేవారం మీ అమ్మానాయన్ని పిల్చుకొని రాప్పా. మాట్లాడుకుందాం."

వార్షికోత్సవం రోజు స్పీకరు పక్కన నిలబడి శ్యామ్ ట్రాక్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆమెను చూడటం తప్ప అతనికి పనేమీ లేదు. చప్పట్లు సద్దుమణిగాక యాంకర్ అడిగింది, ఆ ట్రాక్ ఎవరు చేశారని.

"మా శ్యామ్," అంది రమ్య మైకులో.

హాలంతా ఒక్కసారి ఈలలు. ఆమె ముఖం ఎర్రబడింది. కానీ ఆ మాటను సరిదిద్దుకోలేదు.