మార్కెసె తోటలో ఆరుగురు వనకన్యలు

ఒక మనిషిని చంపబోతున్నారన్న సంగతి కల్నల్ బాల్దుచ్చి చిత్రశాలలో నిలబడి చెప్పాడు. రోమ్‌లో ఆఫీసు గోడల కంటే వనకన్యల బొమ్మలే నయమని ఆయన సిద్ధాంతం. వాటి ముందు నిలబడ్డ మగవాళ్ళకి చెవులు పనిచేయవట.

ఏజెంట్ ఎర్సీలియా ఎదురుగా ఉన్న బొమ్మకేసి ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. దేవుడు వెంటపడుతున్నాడు. పిల్ల పారిపోతోంది. పారిపోలేక వేళ్ళన్నీ ఆకులై చెట్టయిపోతోంది. ఈ ఘోరానికి చిత్రకారుడు పెట్టిన పేరు 'ప్రేమ'.

"టార్గెట్ తిబోర్ లాన్‌తోష్," అన్నాడు కల్నల్ పెదవులు కదపకుండా. "హంగెరీ నుంచి పారిపోయి వచ్చిన రాకెట్ ఇంజనీరు. రేపు మార్కెసె అనే జమీందారుగారి తోటలో విందు. ఆరుగురు ఆడవాళ్ళు వనకన్యల్లా కదలకుండా నిలబడతారు. ఆయన్ని చంపాలని చూస్తున్న ముఠా సందేశం మనకి చిక్కింది. 'పని వనకన్య చేతుల మీదుగా.'"

"ఆయన్ని విందుకి వెళ్ళొద్దనండి."

"చెప్పాం. వనకన్యలంటే మానుకోలేనన్నాడు."

ఆ మనిషి భార్య యోలాన్‌ని రెండేళ్ళ తర్వాత సరిహద్దు దాటనిచ్చారనీ, ఎల్లుండి పొద్దున వియన్నా రైల్లో దిగుతుందనీ కూడా కల్నల్ చెప్పాడు. ఎర్సీలియా మనసు అక్కడే చిక్కుకుపోయింది. రైలు దిగిన మనిషికి ఎదురొచ్చేవాళ్ళు లేకపోతే ఆ ప్లాట్‌ఫారం ఎంత పొడుగ్గా ఉంటుందో ఆమెకి తెలుసు.

ఆమెది కొండమీది ఊరు. అక్కడ తాతల కాలం నుంచీ ఆడా మగా అందరూ చిత్రకారుల ముందు, శిల్పుల ముందు మోడళ్ళుగా నిలబడి బతికారు. రోమ్ ఫౌంటెన్లలో ఉన్న జలకన్యలు సగం ఆ ఊరి అత్తలూ పిన్నమ్మలూ. ఎర్సీలియాకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఒక శిల్పి కోసం పారిస్ వెళ్ళింది. అమ్మ నడుము ఇవాళ మూడు దేశాల మ్యూజియాల్లో ఉంది. అమ్మ మాత్రం ఎక్కడుందో తెలియదు.

మర్నాడు ఎర్సీలియా పౌడర్ పూసే ముసలమ్మ వేషంలో తోటకి చేరింది. పౌడర్ డబ్బా అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది. అది మాటల కంటే బరబర శబ్దమే ఎక్కువ వినిపించే రకం.

ఆరుగురిలో ఇద్దరు గొప్పింటి ఆడవాళ్ళు, సరదాకి వచ్చారు. ముగ్గురు కూలికొచ్చిన మోడళ్ళు. ఆరో మనిషి ఫ్లమీనియా. కల్నల్ ముఠాలోకి పంపిన డబుల్ ఏజెంట్. రోమ్‌లో ఆమె నడిచి వెళ్తే ట్రాఫిక్ పోలీసులు చెయ్యి దించడం మరిచిపోతారు. నెలరోజులు దగ్గర కూచోబెట్టుకుని ఆమెకి మోడల్ పని నేర్పింది ఎర్సీలియానే.

"ఆ విల్లు పట్టుకున్నదాన్ని కనిపెట్టుకుని ఉండు పిన్నీ," అంది ఫ్లమీనియా, భుజానికి పౌడర్ రాయించుకుంటూ. "అంబులపొది బరువుగా ఉంది."

కల్నల్ కూడా ఆ మాటే అనుకున్నాడు. చెట్టుకొకడు చొప్పున మనుషుల్ని ఎక్కించి, తుపాకులన్నీ విల్లుపిల్ల మీదకే తిప్పించాడు.

తెర లేచింది. కొలను గట్టు మీద పలకరాళ్ళపై ఆరుగురూ బొమ్మల్లా నిలబడ్డారు. అతిథులు నిట్టూర్చారు. ఇది కళ అన్నాడొకడు. గ్రీకుల ఆత్మ అన్నాడింకొకడు, కళ్ళు మాత్రం ఆత్మకి చాలా కిందే పెట్టుకుని. ముందు వరసలో తిబోర్ నోరు తెరుచుకుని కూచున్నాడు. దీనికోసమా ఆ ఇల్లాలు రెండేళ్ళు కాచుకుంది అనుకుంది ఎర్సీలియా. అసహ్యం వేసింది. ఆయనకేమైనా అవుతుందేమోనన్న భయం మాత్రం ఆగలేదు.

విల్లుపిల్ల కదల్లేదు. బాణం తీయలేదు. గంట మోగింది. విరామం తర్వాత మళ్ళీ ఇదే భంగిమలో నిలబడాలి. కల్నల్ మనుషులు చెట్లమీద ఊపిరి వదిలారు.

మోడల్ భంగిమ వదిలే ముందు వంగి, తన పాదాల చుట్టూ సుద్దతో గీత గీసుకుంటుంది. తిరిగొచ్చి సరిగ్గా అక్కడే నిలబడాలి కదా. ముగ్గురు మోడళ్ళూ వంగి గీసుకున్నారు. గొప్పింటి ఆడవాళ్ళకి ఆ పద్ధతి తెలియదు. ఫ్లమీనియాకి తెలుసు. నేర్పిన మొదటి పాఠమే అది. పొద్దున రిహార్సల్‌లో చక్కగా గీసింది కూడా.

ఇప్పుడు మాత్రం చేతిలో ద్రాక్షగుత్తితో నవ్వుతూ నేరుగా గట్టు దిగింది.

ఎర్సీలియా ఆ ఖాళీ పలకరాయి వైపు చూసింది. తిరిగి రాదలుచుకోని మనిషికి గీతతో ఏం పని? చేసేదేదో ఈ విరామంలోనే చేసి వెళ్ళిపోబోతోంది.

"కల్నల్, మనమ్మాయే," అంది డబ్బాలోకి. డబ్బా బరబరమంది.

ఇక పరుగే. చప్పట్లు కొడుతున్న దొరల్ని మోచేతులతో పొడుచుకుంటూ వెళ్ళింది. అప్పటికే ఫ్లమీనియా తిబోర్ ముందు వంగి, ఒక ద్రాక్షపండు తుంచి అతని పెదవుల దగ్గర పెడుతోంది. ఆయన ఆమె మొహం తప్ప అన్నీ చూస్తున్నాడు. నోరు ఎలాగూ తెరిచే ఉంది.

ఆ నోట్లో ఎర్సీలియా పౌడర్ కుచ్చు కుక్కింది.

తెల్లటి పొగ లేచింది. తిబోర్ దగ్గుతూ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ద్రాక్షపండు గడ్డిలో దొర్లింది. ఎర్సీలియా ఫ్లమీనియా మణికట్టు పట్టుకుంది.

"మిగిలినవి నువ్వు తిను పిల్లా. చూస్తాను."

ఫ్లమీనియా గుత్తి వంక చూసింది. తినలేదు. "చెట్లమీద అంతమంది మగవాళ్ళున్నారు," అంది మెల్లగా. "ఒక్కడికీ అనుమానం రాలేదు. నీకెలా తెలిసింది పిన్నీ?"

"సుద్ద గీయలేదు నువ్వు."

ఆమె మొహంలో రంగు పోయింది, పౌడర్ చాటునుంచి కూడా తెలిసేంతగా. చెయ్యి విదిలించుకుని వెనక గేటు దగ్గర తనకోసం ఆగి ఉన్న కారుకేసి పరుగెత్తింది. వనకన్యలకి చెప్పులుండవు. గులకరాళ్ళ బాట మీద పది అడుగుల్లోనే కుంటింది. చెట్లు దిగొచ్చినవాళ్ళు చెరో రెక్కా పట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎర్సీలియా చూడకుండా ఉండాలనుకుంది. చేతకాలేదు. నెలరోజులు ఎదురెదురుగా కూచుని అన్నం తిన్న పిల్ల.

తిబోర్ పౌడర్ ఉమ్ముకుంటూ లేచి, ఆ అందగత్తెని ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగాడు.

"రేపు రైలు దగ్గరికి మొహం శుభ్రంగా కడుక్కుని వెళ్ళండి," అంది ఎర్సీలియా. "ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టాలి."

ఇంతలో మార్కెసె చేతులు నలుపుకుంటూ వచ్చాడు. తోటలో జరిగిన గొడవ ఆయనకి పట్టలేదు. రెండో భాగానికి ఒక వనకన్య తక్కువైంది, ఇప్పుడెలాగని ఆయన దిగులు.

"అక్కడొక కుండ పెట్టండి దొరా. మెడ కింద గుండ్రంగా ఉంటే చాలు."

మార్కెసె నిజంగానే పెట్టించాడు. చప్పట్లలో తేడా ఏమీ రాలేదు.