ఛార్జర్ పీకకు నాయనా

“వగ్దీ పోయాడు, హాతిమ్. గుండె ఆగిందని డాక్టర్ రాశాడు. నేను నమ్మను,” అన్నాడు కల్నల్ షుక్రీ. “మన మధ్యలో దూరిన విదేశీ ముఠా మనిషి, కోడ్ నేమ్ ‘అంబర్’, ఎవరన్నది వగ్దీ కనిపెట్టాడు. ఆ పేరు వాడి ల్యాప్‌టాప్‌లో ఉండాలి. అదేమో స్టార్ట్ కావడం లేదట. రిపేరువాడి వేషంలో వెళ్లు. కింద వీధిలో మనవాళ్లు గ్యాస్ బండితో ఉంటారు. సిలిండర్ కావాలని కేకెయ్, పైకొస్తారు.”

అలెగ్జాండ్రియాలో సముద్రపు చెమ్మకి గోడలు పెచ్చులూడిన ఇల్లు అది. తలుపు తీసిన వగ్దీ తల్లి ఉమ్మ్ వగ్దీ నల్లబట్టల్లో ఉంది.

“ఇంత పాలిపోయావేం నాయనా? మెట్ల మీద ఎవరైనా వెంటపడ్డారా? మీ అమ్మకి ఫోన్ చేశావా?”

“చేస్తాను హజ్జా,” అన్నాడు, పెద్దావిడని పిలిచే మర్యాదతో.

“మావాడూ చేస్తాననే అనేవాడు.”

వగ్దీ గది నిండా సాంబ్రాణి పొగ. బల్ల మీద ల్యాప్‌టాప్, దాని మీద తెల్లగుడ్డ. దాని మీదే తల వాల్చి పోయాడట. గుడ్డ తీయబోతే హాతిమ్ చెయ్యి వెనకాడింది, కింద మొహం కనిపిస్తుందేమోనన్నట్టు.

తెర నల్లగా ఉంది. మీటలు నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు.

“దండగ పని,” అంటూ గుమ్మంలో నిలబడింది ఇంజీ, వగ్దీ పెళ్లాడాల్సిన పిల్ల. నల్ల పట్టు గౌను, చావింట్లోనూ చెదరని ఎర్ర లిప్‌స్టిక్. “ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి, పవర్ బటన్ నొక్కిపట్టండి. అందరూ చేసేదే. అత్తయ్య నన్ను ముట్టనిస్తేగా! ఉండండి, కాఫీ తెస్తాను.”

ట్రైనింగులో హాతిమ్ నేర్చుకున్నదీ అదే. వైరు పట్టుకున్నాడు.

“పీకకు నాయనా!” ఉమ్మ్ వగ్దీ అతని మణికట్టు పట్టేసింది. “దానికి ఊపిరుంది. పక్కనే పడుకుని వింటున్నాను కదా. కళ్లే తెరవడం లేదు.”

పాపం, దుఃఖం అనుకుంటూనే చెవి ఆనించాడు. లోపల సన్నగా ఫ్యాన్ తిరుగుతోంది. క్యాప్స్ లాక్ నొక్కాడు. చిన్న దీపం వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది.

స్టార్ట్ కాకపోవడమేమిటి, అసలు ఆగితేగా! వగ్దీ తల పడి తెర వెనక లైటు మాత్రం పోయింది.

పెన్నులో కెమెరా, బూటు మడమలో మైకు దేనికీ కొరగాలేదు. మామూలు టార్చి తీసి తెర మీదికి ఏటవాలుగా వేశాడు. బూడిదలోంచి లేచినట్టు అక్షరాలు కదిలాయి.

అంతలో ఇంజీ ఇద్దరికీ కాఫీ తెచ్చింది. హాతిమ్ చూపు తెర మీద ఉండగానే కప్పు పెదవుల దాకా వచ్చింది.

పక్కన ఉమ్మ్ వగ్దీ తన కప్పులోది ఒక్క గుక్క నోట పెట్టి తుపుక్కున ఉమ్మేసింది. “చక్కెర వేశావా? చావింట్లో తియ్యటి కాఫీయా? నీకెవరు నేర్పారే ఈ పద్ధతి?”

హాతిమ్ చెయ్యి ఆగిపోయింది. తెర మీద వగ్దీ మాటలు:

‘కాఫీ మరీ తియ్యగా ఉంది. అంబర్ ఇంజీయే. వేళ్లు మొద్దుబారుతున్నాయి.’

సేవ్ చేయని మాటలు. వైరు పీకి ఉంటే వగ్దీ రెండోసారి చచ్చేవాడు.

“ముందు మీరు తాగండి, మేడమ్.”

ఇంజీ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. హాతిమ్ విసిరిన వేడి కాఫీ ఆ చేతి మీద పడింది, తుపాకీ నేల మీద పడింది. హాతిమ్ కిటికీలోంచి అరిచాడు: “సిలిండర్!”

మెట్ల మీద బూట్ల చప్పుడు.

“అయితే రిపేరువాడివి కాదన్నమాట,” అంది ఇంజీ.

“నువ్వూ కోడలివి కాదు,” అంది ఉమ్మ్ వగ్దీ.

ఇంజీని తీసుకెళ్లాక ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది.

“ఇంకేం రాశాడు?”

హాతిమ్ టార్చి కిందికి దించాడు. ‘తిన్నానని అమ్మకి చెప్పండి.’

ఆమె ఆ మసక అక్షరాలను వేలితో తడిమింది. “అబద్ధాలకోరు! ములూఖియా ఆకుకూర గిన్నె మూత కూడా తీయలేదు.”

కళ్లు తుడుచుకుని వంటింటి వైపు కదిలింది. “నువ్వైనా తినిపో నాయనా. ముందు నేను రుచి చూస్తాలే.”