చీటీ లేనిదే తెరవని తలుపు

మా చేపల గోదాంలో మూడు చలిగదులు. మూడో గది తలుపు దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా మేస్త్రీ సంతకం ఉన్న చీటీ చూపాల్సిందే. ఒకసారి యజమాని తమ్ముణ్ణే వెనక్కి పంపాను. మొండిఘటమని నాకు పేరు.

పోయినేడు యంత్రాలన్నిటికీ బుర్ర పెట్టించారు. కృత్రిమ మేధ అట. పనికి తగ్గ స్వభావం కూడా ఇస్తారట. కాటాకు నిక్కచ్చి మనిషి స్వభావం, ఐసు మిషనుకు కబుర్లపోగు స్వభావం. తలుపుకు ఎవరి స్వభావం పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు. అందరూ నావైపే చూశారు.

బుర్ర పెట్టే అమ్మాయి పదిరోజులు నా ఎదురుగా కూర్చుని నా మాటలు, గొంతు మిషనులో పట్టుకుంది.

"ఎవరో ఏడుస్తూ వచ్చారు తాతా. తీస్తావా?"

"చీటీ ఉందా?"

"యజమానే వస్తే?"

"చీటీ."

"పోనీ, అవ్వ వస్తే?"

చేపలు ఏరే బల్ల దగ్గర మా ఆవిడ తలెత్తింది. పనివాళ్ళంతా చూస్తున్నారు. మీసం మెలేశాను.

"మా ఆవిడైనా అంతే. ప్రాణం పోతుందన్నా తీయను."

"విన్నావా అమ్మాయ్, ఇదీ నా కాపురం," అంది మా ఆవిడ. అందరం పగలబడి నవ్వాం.

అమ్మాయి అదీ పట్టుకుంది.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. చివరి పెట్టె లోపల పెట్టి వస్తానని మా ఆవిడ మూడో గదిలోకి వెళ్ళింది. లోపలికి చీటీ ఉంది. బయటికి చీటీ రాయడం మరిచి మేస్త్రీ బస్సెక్కేశాడు. తలుపు మెల్లగా, బుస్సుమంటూ మూసుకుంది. నీచువాసన. ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు.

లోపలి నుంచి తట్టింది.

"తీయి," అన్నాను తలుపుతో.

"చీటీ ఉందా?"

నా గొంతు. చివర్లో నా దగ్గు కూడా.

"లోపల మనిషి ఉందిరా!"

"ఉంటే? చీటీ."

లోపలివైపు గడియ ఉంటే తనే తీసుకుని వచ్చేది. దొంగతనాలు జరుగుతాయని దాన్ని పీకించింది నేనే.

చీటీ నేనే రాశాను. ఆ అక్షరాలు రాత్రిపూట దీపం దగ్గర కూర్చోబెట్టి మా ఆవిడ నేర్పినవే. తలుపుకు చూపించాను.

"ఇది మేస్త్రీ సంతకం కాదు. నన్నే మోసం చేద్దామనా?"

గడ్డపార వేశాను. వంగింది. మేస్త్రీ ఫోను మోగి మోగి ఆగింది. వెల్డింగు అతను వచ్చేసరికి గంటన్నర పడుతుందన్నాడు. తలుపు అంచు రబ్బరుకు చెవి ఆనించాను...

"ఏమయ్యా... తీయవయ్యా."

"నేను కాదే! తలుపు!"

"నీ గొంతేగా..."

లోపలివైపు కూడా తలుపు మాట్లాడుతోంది. నెమ్మదిగా, ఇంట్లో నేను మాట్లాడినట్టే.

"ఊరికే బతిమాలకు. చీటీ లేనిదే తీయను."



"సరేలేవయ్యా," అంది మా ఆవిడ. "నీ పట్టు నీదే."

ఇంక తట్టలేదు.

ఆ తలుపును కోసి పాత ఇనుముకు వేశారు. దాని బుర్రను నా చేత్తోనే సుత్తి పెట్టి పొడిపొడి చేశాను. ఇంటికొచ్చి మా తలుపు గడియ ఊడబీకాను. ఇప్పుడది ఎప్పుడూ దగ్గరగా వేసి ఉంటుందంతే. వేలితో తోస్తే తెరుచుకుంటుంది.

నిన్న సాయంత్రం ఎవరో తట్టారు.

మెల్లగా... మూడుసార్లు.

తలుపు కిందనుంచి చల్లగాలి. నీచువాసన. ఆ సందులోంచి ఒక కాగితం లోపలికి జరిగింది. అంచుల్లో మంచు పేరుకుని ఉంది. గుండ్రటి అక్షరాలు. ఆ చేతిరాత నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"బయటికి. ఒక మనిషి."

కింద సంతకం చోటు ఖాళీగా ఉంది.

పరుగున వెళ్ళి తలుపు మీద చెయ్యి వేశాను. లాగితే చాలు. రావే, అనాలని నోరు తెరిచాను.

"సంతకం ఏది?" అన్నాను.