ట్రిగ్గర్ మీద వేలు

మొదట కలుసుకున్నవి వాళ్ళ బండ్లు. అతని ట్రక్కు ర్యాంపు మీంచి ఎగిరొచ్చి సరిగ్గా ఆమె ట్రక్కు నెత్తిన పడింది.

"ఏమండీ, ఇంత ట్రాక్ ఉంటే మీకు నా బండి నెత్తే దొరికిందా?"

"మీరు మధ్యలో బ్రేక్ వేస్తారని నేను కల గన్నానా?"

"అది మలుపండీ! మలుపులో ఎవరైనా బ్రేక్ వేస్తారు."

"నా బండికేం కాలేదు," అన్నాడతను, అదేదో పెద్ద సమాధానమైనట్టు.

"నేను మీ బండి సంగతి అడిగానా?" అని ఆమె ఒంటికాలి మీద లేచింది.

అవి షార్ట్ కోర్స్ ట్రక్కులు. రిమోట్‌తో నడిచేవి. మోచెయ్యంత పొడవు, ముందూ వెనకా బంపర్లు, చక్రాలను కప్పేసే పెద్ద బాడీ. ఆడుకునే బొమ్మలని మాత్రం వాళ్ళ ముందు అనకండి, ఇద్దరూ కలిసి మీదికొస్తారు. ఇద్దరూ ఏకమయ్యేది ఆ ఒక్క విషయంలోనే.

అతనిది లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. బ్రేకులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటం అతని పని. అందుకని ట్రాక్ మీద అందరూ అతన్ని లిఫ్టబ్బాయి అంటారు. తన ట్రక్కులో ప్లాస్టిక్ ముక్కలన్నీ పీకేసి అల్యూమినియంవి వేశాడు. ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా జనం మోకాళ్ళూ భుజాలూ వంచి పంపిస్తుంది. ఆమెని ఫిజియో అంటారు. ఆమె ట్రక్కు తేలిక, అంతా ప్లాస్టిక్. గాల్లో ఉన్నప్పుడు దాన్ని చూడాలి, కింద పడ్డాక ఆమెని చూడాలి. పడ్డ ప్రతిసారీ పగలబడి నవ్వుతుంది.

ఆ ట్రాక్ ఆమె నాన్నది. ఆయన్ని అందరూ మార్షల్ గారంటారు. పందెం జరుగుతున్నప్పుడు ట్రాక్ మధ్యలో నిలబడి, బోర్లా పడ్డ బండ్లను తిరగేసేవాణ్ణి మార్షల్ అంటారు. ఆయన ఎన్నో ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు, కుంటుతూ. ఒకప్పుడు అదుపు తప్పిన బండి ఒకటి వచ్చి ఆయన మోకాలు విరగ్గొట్టింది. అప్పటినుంచి ఆయనకు ఒకటే నియమం, అదుపు తప్పిన బండి దానంతటదే ఆగిపోవాలి.

"ఫెయిల్‌సేఫ్ చూసుకోకుండా బండి తెచ్చినవాడు మళ్ళీ నా గేటు లోపలికి అడుగు పెట్టకూడదు. నా తమ్ముడైనా సరే."

ఆ తమ్ముడు, అంటే ఫిజియోకి బాబాయ్, మైకు పట్టుకుని పందేలకు వ్యాఖ్యానం చెబుతాడు. "నన్నెందుకన్నయ్యా మధ్యలోకి లాగుతావు?" అని ప్రతిసారీ మైకులోనే అడుగుతాడు.

వాళ్ళిద్దరి తగువు వారం వారం పెరుగుతుంటే మార్షల్ గారే దానికో దారి చూపించాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు క్లబ్బు తరఫున ఒకే రకం ట్రక్కు పెట్టాలి. ఏది పెట్టాలి, అతనిదా, ఆమెదా? "ఇద్దరూ కలిసి పోల్చి చూడండి. గట్టిదనానికి మార్కులు, సరదాకి మార్కులు. ఆ నల్లబల్ల మీద రాయండి, నా బుర్ర తినకండి," అన్నాడు.

ఇంకేముంది, ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. బండ్లను గోడకేసి కొట్టారు, బురదలో ముంచారు, మెట్ల మీంచి దొర్లించారు.

"అల్యూమినియం విరగదు," అనేవాడు అతను.

"విరగదు, వంగుతుంది. వంగితే మళ్ళీ రాదు. ప్లాస్టిక్ వంగి తిరిగొస్తుంది. రోజూ మోకాళ్ళు చూసేదాన్ని, నాకు చెప్తావా?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు. వానొస్తే షెడ్డులో ఒకే స్టూలు కోసం పోట్లాడుకునేవాళ్ళు. చివరికి స్టూలు ఖాళీగా ఉండేది, ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి తడిసే ట్రాక్‌ను చూసేవాళ్ళు. ఆదివారం కోసం అతను సోమవారంనుంచే ఎదురు చూడటం మొదలుపెట్టాడు. ప్రేమ అని అతను పైకి అనలేదు గానీ, ఇంకేమనాలో అతనికీ తెలియదు.

ఆఖరి పరీక్ష అందరి ముందు ట్రాక్ మీద పందెం. దానికి ముందు సాయంత్రం అతని బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ పాడైంది. ఆమె కొత్తది తెచ్చిచ్చింది. మోటారు విప్పి తుడవడానికి పక్కన పెట్టి, అతను రిసీవర్‌ను రిమోట్‌తో జత చేయడానికి కూర్చున్నాడు.

ఇక్కడ ఒక్క సంగతి తెలుసుకోవాలి. ఆ పని చేసేటప్పుడే, రిమోట్ నుంచి సిగ్నల్ తెగిపోతే ఏం చెయ్యాలో బండికి నేర్పించాలి. దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. బొత్తాం నొక్కితే ఎర్ర దీపం మిణుకుతుంది. దీపం మిణుకుతున్నంతసేపూ రిమోట్ మీద వేగం పెంచే ట్రిగ్గర్ ఎక్కడుందో బండి గుర్తు పెట్టుకుంటుంది, నిలకడగా వెలిగితే నేర్చుకోవడం అయిపోయినట్టు. వేలు వదిలేసి ఉంటే, సిగ్నల్ పోయినప్పుడు బండి ఆగిపోతుంది. వేలు నొక్కి ఉంటే ఆగకుండా పరిగెడుతుంది, ఇక అంతే సంగతులు.

దీపం మిణుకుతోంది. రిమోట్ అతని చేతిలో ఉంది. ఆమె బల్ల అంచున కూర్చుని కాళ్ళు ఊపుతూ అడిగింది.

"బండ్లకి ఇన్ని మార్కులు వేశావు కదా, నాకు వెయ్యమంటే ఎన్ని వేస్తావు?"

రిమోట్ పట్టుకున్న అతని చెయ్యి బిగుసుకుంది. తలెత్తి చూశాడు. ఆమె నవ్వడం లేదు. నిజంగానే అడుగుతోంది.

దీపం నిలకడగా వెలిగింది.

"ఆలోచించి చెప్తా," అన్నాడు మహానుభావుడు.

ఆమె కాళ్ళు ఊపడం ఆపేసింది. "దీనికి కూడా ఆలోచించాలా? సరే, తీరిగ్గా ఆలోచించుకో," అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. అతను బిత్తరపోయి, బండి ఆపి, రిమోట్ ఆపి, రెంటినీ పెట్టెలో పెట్టేశాడు. రిమోట్ ఆపి చక్రాలు కదలకుండా ఉన్నాయో లేదో చూడటం అతనికి అలవాటు. ఆ సాయంత్రం చూడలేదు. పొద్దున మోటారు తిరిగి బిగించాక కూడా చూడలేదు. రాత్రంతా నిద్ర లేదు, బుర్రనిండా ఒకటే సంగతి. పరీక్ష అవగానే ఆమెకు జవాబు చెప్పాలి, ఆ వెంటనే మార్షల్ గారితో మాట్లాడాలి.

గేటు దగ్గర మార్షల్ గారు అందరినీ అడిగినట్టే అతన్నీ అడిగాడు. "ఫెయిల్‌సేఫ్?"

"చూశాను సార్." నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చేసింది.

"నీకు చెప్పక్కర్లేదులే," అని ఆయన భుజం తట్టి లోపలికి పంపాడు. మిగతావాళ్ళ బండ్లన్నీ దగ్గరుండి చూసిన మనిషి, ఇతని బండి మాత్రం చూడలేదు.

నడిపేవాళ్ళు నిలబడే ఎత్తు వేదిక మీద ఆమె పక్కనే ఉంది. పలకరించలేదు.

"కోపమా?"

"నాకెందుకు కోపం? నువ్వింకా ఆలోచిస్తున్నావుగా."

"అది చెప్దామనే..."

"బండి చూసుకో. ర్యాంపు వస్తోంది."

"అదిగో మన లిఫ్టు పైకి లేస్తోంది!" అని బాబాయ్ మైకులో కేక పెట్టాడు. అతని ట్రక్కు పెద్ద ర్యాంపు మీంచి లేచి, ముక్కు కిందికి పెట్టి దిగింది. ఒక పల్టీ కొట్టి, మళ్ళీ చక్రాల మీద నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

అతనొక్కడికే కనిపించింది. యాంటెన్నా తీగ తెగి, బాడీ పక్కన వేలాడుతోంది. ఇక సిగ్నల్ లేదు.

పరవాలేదు, ఆగిపోతుంది, అనుకున్నాడు.

ట్రక్కు ఆగలేదు. కీచుమని అరిచి, ఉన్న వేగమంతా తీసుకుని సూటిగా పరిగెత్తింది. ఆ దారి చివర మార్షల్ గారు వీపు ఇటు పెట్టి వంగి, ట్రాక్ అంచులకు వేసిన గొట్టాల్లో పక్కకు జరిగినదాన్ని సరిచేస్తున్నాడు. కుంటికాలు బయటికి చాపి ఉంది.

"సార్! తప్పుకోండి సార్!"

బాబాయ్ మైకు ముందు ఆ అరుపు ఎవరికి వినిపిస్తుంది? అతను ట్రిగ్గర్ ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు, రిమోట్ మీది చక్రం తిప్పాడు. ఆ బండి ఇక అతని మాట వినదు.

పక్కన ఆమె తన ట్రక్కును ట్రాక్‌కు అడ్డంగా తిప్పేసింది. మట్టిదిబ్బ దాటించి, గొట్టాల మీంచి ఎగరేసి, నేరుగా అతని బండి డొక్కలోకి దూర్చింది.

ధడేల్!

రెండు బండ్లూ పొర్లుకుంటూ వెళ్ళి మార్షల్ గారి బూటుకు జానెడు దూరంలో ఆగాయి. అతనిది బోర్లా పడింది. పడినా చక్రాలు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

బాబాయ్ పుట్టి బుద్ధెరిగాక మైకు పట్టుకుని ఊరుకోవడం అదే మొదలు.

మార్షల్ గారు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. తిరుగుతున్న చక్రాలను చూశాడు, తెగిన తీగను చూశాడు. వంగి స్విచ్ ఆపాడు. ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

అతను వేదిక దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వెనకే ఆమె.

"చూశానన్నావు," అన్నాడాయన.

"అన్నాను సార్. చూడలేదు."

"లిఫ్టులో జనం ఎక్కే ముందు కూడా ఇలాగే చూస్తావా?"

అతను తల దించుకున్నాడు. ఆయన అరిచి ఉంటే బాగుండుననిపించింది.

"దీపం మిణుకుతున్నప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఎందుకుంది? చంటిపిల్లాడివి కాదుగా."

చెప్పొచ్చు. మీ అమ్మాయి ఒక మాట అడిగింది సార్, చెయ్యి బిగుసుకుపోయింది, అనొచ్చు. కానీ తప్పు తనది, ఆమె పేరెందుకు అందులోకి?

"సరే. నియమం నీకు తెలుసు. గేటు అటు."

అతను బండి తీసుకోడానికి వంగాడు. ఇక ఆదివారాలు లేవు. ఈ మనిషి ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళడం? జవాబు చెప్పకుండానే అంతా అయిపోయింది.

"నాన్నా, ఆగు." ఆమె ముందుకొచ్చింది. మొహం ఎర్రబడింది. "అప్పుడు పక్కన నేనున్నాను. నాకెన్ని మార్కులు వేస్తావని అడిగాను. అందుకే నొక్కేసుంటాడు."

"మార్కులా? నీకా?"

"అవును, నాకే. బండికి కాదు." ఆమె అతని వైపు వేలు చూపించింది. "ఆలోచించి చెప్తానన్నాడు. రాత్రంతా తిట్టుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది. నోరు ఆలోచిస్తానంది, వేలు మాత్రం ఫుల్ స్పీడులో ఉంది."

బాబాయ్ మైకులోంచి పెద్ద నిట్టూర్పు ట్రాకంతా వినిపించింది.

"ఆ మైకు ఆపరా!" అని అరిచాడు మార్షల్ గారు. మళ్ళీ అతని వైపు తిరిగి, "ఏమిటీ, నిజమేనా?" అన్నాడు.

"నిజమే సార్. కానీ తప్పు నాది. తనది కాదు."

"అది నాకూ తెలుసు. ఇంతకీ జవాబేంటి? ఎన్ని?"

అతను ఆమె వైపు చూశాడు. ఇప్పుడూ ఆమె నవ్వడం లేదు.

"మార్కులు వెయ్యాలంటే పోల్చాలి. పోల్చడానికి పక్కన ఇంకొకరు ఉండాలి కదా. నాకెవరూ కనపడలేదు. రాత్రంతా ఆలోచించినా కనపడలేదు."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈ మాట నిన్ననే చెప్పి ఏడవచ్చుగా, దద్దమ్మా!"

మార్షల్ గారు రెండు బండ్లనూ చేతుల్లోకి తీసుకున్నాడు. అతని అల్యూమినియం ముక్క వంగిపోయి అలాగే ఉంది. ఆమె బండికి బాడీ చిరిగింది గానీ, ప్లాస్టిక్ ముక్కలన్నీ వాటి చోటికి అవి తిరిగొచ్చాయి.

"గట్టిదనంలో మా అమ్మాయి బండే గెలిచింది. క్లబ్బుకి అదే పెడదాం. సరదాకి ఈ రోజు ఇద్దరికీ సున్నా," అన్నాడు. "ఇకపోతే నువ్వు. నియమం నియమమే. ఈ సీజనంతా నువ్విక్కడ బండి నడపవు."

"సరే సార్."

"నడపవు గానీ, రావద్దని నేనంటే ఇది నా ప్రాణం తీస్తుంది. నాకూ మోకాలు నొప్పెడుతోంది. వచ్చే వారంనుంచి నా పక్కన నిలబడి పడ్డ బండ్లు తియ్యి. ఎదురుగా బండి దూసుకొస్తుంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది."

అతనికి ఒక్క క్షణం ఏం విన్నాడో అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయన షెడ్డు వైపు కుంటుతూ నడుస్తున్నాడు.

"అంతకంటే ముందు ఆ రిసీవర్ సరిచెయ్యి. నా ముందు. మా అమ్మాయీ అలాగే పక్కన కూర్చుంటుంది. వేలు కదిలిందో, అప్పుడు చెప్తా నీ సంగతి!"

షెడ్డులో తెగిన తీగను మార్చాడు. ఆమె మళ్ళీ బల్ల అంచున కూర్చుంది. మార్షల్ గారు బండిని స్టాండు మీద పెట్టి, చక్రాల మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. అతను బొత్తాం నొక్కాడు. ఎర్ర దీపం మిణుకుతోంది.

ఈసారి అతను రిమోట్‌ను బల్ల మీద పెట్టేసి, చేతులు రెండూ వెనక్కి తీసుకున్నాడు.

ఖాళీగా ఉన్న ఆ చేతుల్లో ఒకదాన్ని ఆమె పట్టుకుంది. దీపం మిణికీ మిణికీ నిలకడగా వెలిగింది.

మార్షల్ గారు రిమోట్ ఆపాడు. చక్రాలు కదల్లేదు. ఆయన తలెత్తి ఆ చేతుల్ని చూశాడు, చూడనట్టే మళ్ళీ చక్రాల వైపు తిరిగాడు.

"పాస్," అన్నాడు.