కదలని బండికి హారన్

రంగు మెరిసింది. హారన్ "పాంయ్" అంది. బండి మాత్రం నాలుగడుగులైనా పోలేదు. చెక్క చక్రం ఫట్‌మని విరిగింది.

చాంద్రాయణగుట్ట గల్లీలో పిల్లలందరూ నీహారిక వైపు తిరిగారు. బండి చేస్తానన్నది ఏడో తరగతి క్రాంతి. కానీ అతను అట్టమీద వేసిన బొమ్మ చూపించి, ఇల్లిల్లూ తిరిగి చందా ఇప్పించింది నీహారికే. "ఇయ్యుండ్రి, జిమ్మేదారి నాది" అని పూచీ కూడా పడింది.

చిన్న ఇర్ఫాన్ కళ్లు తుడుచుకున్నాడు. "అవి నా ఈద్ పైసలక్కా. నువ్వు చెప్పినవనే ఇచ్చిన."

నీహారిక ఇంటికి పోయింది. బియ్యం ఏరుతున్న నాయనమ్మ చంద్రమ్మకు సంగతంతా చెప్పింది.

"వినాయకుడి చందా అనుకున్నవా బిడ్డా, ఇచ్చి దండం పెడితే అయిపాయె అననీకి?" చంద్రమ్మ నవ్వింది. "ఎద్దును కొనేటప్పుడు మీ తాత కొమ్ములకేసిన రంగు చూసి మురిసేటోడు కాదు. నడిపిచ్చి చూసేటోడు."

సాయంత్రం పిల్లలంతా గల్లీలో ఉండగా క్రాంతి మళ్లీ వచ్చాడు. "ఫికర్ చెయ్యకుండ్రి! తలా రెండు రూపాయలియ్యుండ్రి. ఈసారి పక్కా!"

ఇర్ఫాన్ చెయ్యి జేబులోకి పోయింది. నీహారిక ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. అన్నా, మొదటి పైసలు ఏమైనయ్?"

క్రాంతి నసిగాడు. "సగం రంగుకు, సగం హారన్‌కు. బండి మస్తు కనబడాలె గదా! మంచి చక్రాలకు మిగల్లే."

"గట్లయితే హారన్ వాపస్ ఇద్దాం పా. నేను గూడ వస్త."

దుకాణదారు గొణుగుతూనే తీసుకున్నాడు. ఆ డబ్బుకు స్కూటర్ మెకానిక్ దగ్గర నాలుగు పాత బేరింగులు వచ్చాయి. క్రాంతి వాటిని చక్రాలుగా బిగించాడు. పిల్లలు ఎగబడ్డారు.

"లొల్లి చెయ్యకుండ్రి! ముందు ఇటుకలు ఎక్కుతయ్" అంది నీహారిక.

ఇటుకల బండి గర్రుమంటూ గల్లీ వాలు దిగి, కింద ఇసుక కుప్పలో ఆగింది. ఒక్క మేకు కూడా ఊడలేదు!

"ఇప్పుడు ఇర్ఫాన్. నేను ఆఖర్ల."

ఇర్ఫాన్ ఎక్కాడు. హారన్ లేదుగా, నోటితోనే "పాంయ్! పాంయ్!" అని అరుస్తూ దూసుకుపోయాడు. గల్లీ అంతా ఈలలు, చప్పట్లు. క్రాంతి కాలరెగరేశాడు.

మర్నాడే అతను ఇంకో అట్ట పట్టుకొచ్చాడు. దానిమీద రెక్కల విమానం. "గాల్లో ఎగిరేది! చందా..."

నీహారిక బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, అట్ట వెనక్కిచ్చింది.

"మస్తుందన్నా. ముందు కాగితంతోని చిన్నదొకటి చేసి ఎగిరిచ్చి చూపియ్. అది ఎగిరితే మొదటి చందా నాదే."