హమ్మింగ్ బర్డ్ నిద్ర లేచేదాకా

గల్ఫ్‌లోని బుదైయాలో, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, అదే కఫీల్, విల్లా వెనక ఒక అద్దాల గది ఉంది. అందులో పదకొండు హమ్మింగ్ బర్డ్స్. వాటిని చూసుకునేవాడు అమలాపురం సోమరాజు. అదే ఇంట్లో వంట చేసే వీరదుర్గది కాకినాడ.

మొదటిరోజే ఇద్దరికీ గొడవ. పంచదార నీళ్లు తాగుతున్నాయని జాలిపడి, ఆమె పిట్టలకి గులాబీ షర్బత్ పోయబోయింది.

"ఇవేమన్నా పెళ్లివారాండీ, షర్బత్ పోయడానికి?" అని అతను ఆమె చేతిలోని గ్లాసు లాక్కున్నాడు.

మూడు రోజులు ఆమె అతనికి టీ ఇవ్వలేదు. నాలుగోరోజు నుంచి రోజూ ఒక చెంచా పంచదార ఎక్కువేసి ఇవ్వసాగింది. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఎనిమిది నెలలైనా ఎవరూ నోరు విప్పలేదు.

ఈరోజు పొద్దున్నే అద్దాల గదిలోకి తొంగిచూసిన వీరదుర్గ కెవ్వుమంది.

పది పిట్టలు ఎగురుతున్నాయి. ఏసీకి ఎదురుగా ఉన్న కొమ్మకి పదకొండోది తలకిందులుగా వేలాడుతోంది. వేలితో తాకితే మంచుముక్కలా ఉంది. ఊపిరి ఆడుతున్న జాడ లేదు.

"ఈ ఉక్కలో ఎలా ఉంటున్నాయో పాపం" అని నిన్న సాయంత్రం ఏసీని పదహారుకి తగ్గించింది తనే. కఫీల్ ఏడింటికి ప్రయాణం నుంచి వస్తాడు. ఒక్క పిట్ట పోయినా సోమరాజుకి ఖలాస్, ఇంటికి టికెట్టే అని చెప్పి మరీ వెళ్లాడు.

కేక విని సోమరాజు పరిగెత్తుకొచ్చాడు.

"ఏసీ తగ్గించింది నేనండీ. కఫీల్‌తో నేనే చెప్తాను. మీరు అడ్డు రావద్దు."

"చెప్తే మిమ్మల్ని పంపేస్తాడండీ!"

"పంపనీయండి. నా తప్పుకి మీరు పెట్టె సర్దుకుంటారా?"

"మీరు లేని ఇంట్లో నాకీ పిట్టలెందుకండీ?" అనేసి అతను నాలుక కరుచుకున్నాడు. గబగబా వెళ్లి ఏసీ ఆపేశాడు.

"ఇది చావలేదేమోనండీ. ఎగిరేటప్పుడు దీని గుండె నిమిషానికి వెయ్యిసార్లు కొట్టుకుంటాది. అంత పరుగుకి తిండి చాలొద్దా? అందుకే చలేస్తే ఒళ్లు చల్లార్చేసుకుని, గుండె యాభైకి దించేసి పడుకుంటాది."

"మరి లేస్తుందా?"

"లేవాలండీ. కానీ ఇంత చల్లబడింది నేనెప్పుడూ చూళ్లేదు."

వీరదుర్గ బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంది.

"ఇది లేచేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

"టిఫినండీ?"

"మాడితే మాడనీయండి."

అరగంట గడిచింది. గదిలో ఎండ వేడెక్కింది. ఆమెకి ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. మరో పది నిమిషాలకి పిట్ట తోక వణికింది. తర్వాత ఒళ్లంతా వణికింది. గిరుక్కున తిరిగి కొమ్మ మీద నిటారుగా కూర్చుని, రివ్వున పంచదార నీళ్ల దగ్గరకి ఎగిరింది. కడుపునిండా తాగి, వెనక్కి వెనక్కి ఎగిరి, పక్కకొచ్చిన మగపిట్టని తరిమికొట్టింది.

"లేవగానే దెబ్బలాట! అచ్చం మీలాగే" అన్నాడు సోమరాజు కళ్లు తుడుచుకుంటూ.

గేటు దగ్గర కారు హారన్ మోగింది.

పిట్ట బతికింది కదా, ఇప్పుడు చెప్పడమెందుకని అతను బతిమాలాడు. ఆమె వినలేదు. కఫీల్ ఎదురుగా నిలబడి, వచ్చీరాని అరబ్బీలో జరిగిందంతా చెప్పేసింది. ఆయన రెండుసార్లు పిట్టల్ని లెక్కపెట్టాడు. పదకొండూ ఉన్నాయి. ఏసీ రిమోట్ తన జేబులో వేసుకుని, ఇకమీద దీన్ని ముట్టుకోవద్దని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

వీరదుర్గ సోమరాజు వైపు తిరిగింది.

"ఒకటి చెప్పేశాను. రెండోది మీరు చెప్తారా, అదీ నన్నే చెప్పమంటారా?"

అతను గొంతు తగ్గించి అడిగాడు. "మీ అమ్మగారు ఒప్పుకుంటారంటారా?"

ఆమె అప్పటికే కాకినాడకి ఫోన్ కలిపేసింది.

"అమ్మా, పెళ్లికొడుకుని చూసుకున్నానే."

"ఏం చేస్తాడే అబ్బాయి?"

వీరదుర్గ అతని వంక చూసి నవ్వింది.

"పిట్టల్ని చూసుకుంటాడే. తన మాట చెప్పడానికే ఎనిమిది నెలలు పట్టింది. ఇదిగో, ఇస్తున్నాను, మాట్లాడు."